పందిరి గుంజ మొదట్లో మెత్తబడింది: ట్రీట్ చేసిన కలప గురించి కాస్త వివరంగా

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. 18 నెలల క్రితం ప్రెషర్ ట్రీట్‌మెంట్ చేసిన, అంటే కుళ్ళు పట్టకుండా ఒత్తిడితో మందు ఎక్కించిన కలపతో తోటలో నాలుగు గుంజల పందిరి, ఒక బెంచీ, ఆకుకూరల కోసం ఎత్తు మడి కట్టుకున్నారు. గుంజల్ని మీరే కొలతకు కోసి, గుంతలో నిలబెట్టి కాంక్రీటు పోశారు. ఇప్పుడు కలపకున్న ఆకుపచ్చ రంగు వెలిసిపోయింది. దూలాలు బీటలిచ్చాయి. స్క్రూల కింద నల్లటి చారలు దిగుతున్నాయి. ఒక గుంజ నేలను తాకేచోట స్క్రూడ్రైవర్ గుచ్చితే లోపలికి దిగిపోతోంది. అమ్మినవాళ్ళు మోసం చేశారా, పెయింట్ వేస్తే ఆగుతుందా, ఆ మడిలో పెరిగిన కూర తినొచ్చా అన్నది మీ టెన్షన్.

తోటల్లో కంచెలు, పందిళ్ళు కట్టే పనిలో నాకు ఇరవై ఏళ్ళు దాటాయి. మీరు చెప్పినవాటిలో రంగు, బీటలు పెద్ద విషయాలు కావు. స్క్రూల సంగతి చూసుకోవాలి, కానీ ఈ రోజే పరుగెత్తాల్సిన పని లేదు. గుంజ మాత్రం అలా కాదు. దాన్ని సరిచేసేదాకా ఆ పందిరి కింద ఎవరినీ కూర్చోనివ్వకండి. ఉయ్యాలలాంటిది వేలాడదీసి ఉంటే ఇవాళే తీసేయండి.

మోసం జరిగిందో లేదో తేలాలంటే ముందు ఈ కలప ఎలా తయారవుతుందో తెలియాలి. ట్రీట్‌మెంట్ అంటే మందు పూయడం అనుకుంటారు చాలామంది. అది పూత కాదు. కలపను పొడవాటి ఉక్కు సిలిండర్‌లోకి తోసి తలుపు బిగిస్తారు. మొదట వాక్యూమ్ పెట్టి చెక్క కణాల్లో ఉన్న గాలిని లాగేస్తారు. తర్వాత మందు ద్రావణం నింపి, మామూలు గాలి పీడనానికి పది రెట్ల దాకా ఒత్తిడి పెడతారు. ఖాళీ అయిన కణాల్లోకి ద్రావణం దూరిపోతుంది. చివర్లో మళ్ళీ వాక్యూమ్ పెట్టి మిగులు ద్రావణాన్ని లాగేస్తారు. ఈ పద్ధతికి జాన్ బెథెల్ అనే ఆయన 1838లో పేటెంట్ తీసుకున్నాడు. అప్పట్లో వాడిన మందు తారు నుంచి తీసే క్రియోసోటు అనే నూనె, ముఖ్యంగా రైలు స్లీపర్ల కోసం. తర్వాతి కాలంలో ప్రపంచమంతా వాడిన రాగి, క్రోమియం, ఆర్సెనిక్ మిశ్రమాన్ని 1933లో కనిపెట్టింది దెహ్రాదూన్ ఫారెస్ట్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసిన సొంటి కామేశం గారు. దాన్నే సీసీఏ అంటారు. ప్రపంచం నలుమూలలా కరెంటు స్తంభాలనూ కంచె గుంజలనూ దశాబ్దాలపాటు నిలబెట్టిన మందు వెనక ఒక భారతీయుడి పేరు ఉందని మనవాళ్ళలో చాలామందికి తెలియదు. అందుకే ఈ మాట వచ్చినప్పుడల్లా ఆయన పేరు చెబుతాను.

ఇప్పుడు అసలు విషయం. అంత ఒత్తిడి పెట్టినా మందు చెక్క మధ్యదాకా వెళ్ళదు. చెట్టు బతికుండగా నీళ్ళు మోసిన బయటి తెల్లచెక్కలోకి సులువుగా దూరుతుంది. లోపలి చేవలో కణాల దారులు మూసుకుపోయి ఉంటాయి, అక్కడికి చాలా తక్కువ వెళుతుంది. అంటే మీరు కొన్న గుంజ కొబ్బరికాయ లాంటిది. చుట్టూ మందు పట్టిన చిప్ప, లోపల మందు పట్టని చెక్క. పైన్ లాంటి జాతుల చేవ సహజంగా అంత గట్టిది కూడా కాదు, తడి తగిలితే కుళ్ళిపోతుంది. ఆ చిప్ప పగలనంతకాలం గుంజ నిలబడుతుంది. ఎక్కడ కోసినా, ఎక్కడ బెజ్జం వేసినా, చిత్రిక పట్టినా మీరు ఆ చిప్పకు కన్నం పెట్టినట్టే.

మీ గుంజకు జరిగింది ఇదే అని నా అనుమానం. నాలుగు గుంజల్నీ పొడవు తగ్గించి కోశామన్నారు. ఆ కోసిన వైపే భూమిలోకి వెళ్ళి ఉంటుంది. చెక్క పక్కల నుంచి నీళ్ళు మెల్లగా ఇంకుతాయి గానీ, కోసిన చివర నుంచి స్ట్రాలతో పీల్చినట్టు ఎక్కుతాయి. ఎందుకంటే చెట్టులో నీళ్ళు ప్రయాణించిన గొట్టాలన్నీ అక్కడే నోళ్ళు తెరుచుకుని ఉంటాయి. మందు లేని మధ్యభాగం నేరుగా తడి మట్టిలో కూర్చుంది. మిగతా మూడు గుంజల్లో ఏదైనా తిరగబడి, ఫ్యాక్టరీ చివర కిందికి వెళ్ళి ఉంటే అది బాగానే ఉంటుంది.

ఇది పుస్తకంలో చదివి చెప్పడం లేదు. పని మొదలుపెట్టిన కొత్తలో ఒక ఇంటికి పందిరి వేశాను. గుంజలన్నీ కోసిన వైపు కిందికి పెట్టి, చుట్టూ కాంక్రీటు పోశాను. మూడో ఏడు వాళ్ళు పిలిచారు, గుంజ ఊగుతోందని. తవ్వి బయటికి తీస్తే బయట అంగుళం మందాన చెక్క పచ్చగా, గట్టిగా, కొత్తదానిలా ఉంది. లోపల చెయ్యి పెడితే తడిసిన ముద్ద వేళ్ళకు అంటుకొచ్చింది. గుంజ కాదు, గొట్టం. ఆ ఇంట్లో చిన్నపిల్లలు ఆ గుంజ పట్టుకుని గుండ్రంగా తిరుగుతూ ఆడుకునేవాళ్ళు. నాలుగు గుంజలూ నా ఖర్చుతో మార్చాను. ఆ రోజు నుంచి కోత మందు డబ్బా లేకుండా రంపం ముట్టుకోలేదు.

కోత మందు అంటే కాపర్ నాఫ్థినేట్ లాంటి, బ్రష్‌తో పూసే రాగి ద్రావణం. రాగి శాతం 2 ఉన్నది దొరికితే మంచిది. కోసిన వెంటనే, ఆ ముఖం తాగడం ఆపేదాకా రెండు మూడుసార్లు పట్టించాలి. చిన్న ముక్కలైతే డబ్బాలో నిలబెట్టి నాననివ్వడం ఇంకా మేలు. బోల్టు బెజ్జాల్లో కూడా పోయాలి. అయినా సరే, ఇది ఫ్యాక్టరీ ఒత్తిడికి సమానం కాదు. అందుకే కోసిన చివరను మట్టిలోకి పంపకుండా పైకి పెట్టండి.

మీ గుంజను సరిగ్గా పరీక్షించే తీరు చెబుతాను. మొదలు చుట్టూ జానెడు లోతున మట్టి తీసేయండి. కుళ్ళు నేల మట్టానికి కాస్త కిందే ఎక్కువగా మొదలవుతుంది. బాగా కిందికి వెళితే గాలి తక్కువ, పైన తడి తక్కువ. తడీ గాలీ రెండూ దొరికే ఆ బెత్తెడు జాగా శిలీంధ్రాలకు ఇష్టమైన చోటు. సన్నటి స్క్రూడ్రైవర్ మొనను నారకు అడ్డంగా కొద్దిగా దించి, పైకి మీటండి. మంచి చెక్క అయితే చప్పుడు చేస్తూ పొడవాటి పేడు లేస్తుంది, దాని ఒక కొస ఇంకా గుంజను పట్టుకునే ఉంటుంది. కుళ్ళు పట్టిన చెక్కలో పేడు లేవదు. మొన దగ్గరే చప్పుడు లేకుండా, బిస్కెట్ విరిగినట్టు పొట్టిగా తునిగిపోతుంది. చెక్క పైకి ఆరోగ్యంగా కనిపిస్తున్నప్పుడు కూడా ఈ తేడా తెలిసిపోతుంది. నాలుగు గుంజలకూ, నాలుగు వైపులా ఇలా చూడండి. తర్వాత సుత్తితో కింది నుంచి పైకి కొడుతూ వెళ్ళండి. ఖంగున మోగాల్సింది డొల్లగా వినిపించిందంటే లోపల గుల్లబారింది.

మెత్తబడిన గుంజకు పుట్టీ పెట్టడం, రెసిన్ పోయడం, పక్కన పలక బిగించడం లాంటివి వద్దు. బరువు మోసే గుంజ అది, మార్చేయండి. దూలానికి రెండు వైపులా గట్టి ఊతకర్రలు పెట్టి, బరువు వాటి మీదకు వచ్చిందని నిర్ధారించుకున్నాకే పాత గుంజ విప్పండి. పని తెలిసినవాళ్ళు ఒకరు పక్కన ఉండాలి. కొత్త గుంజను మళ్ళీ కాంక్రీటులో పాతేకన్నా, కాంక్రీటు దిమ్మె మీద లోహపు పాదం బిగించి, గుంజ అడుగు దిమ్మెకు కనీసం 25 మిల్లీమీటర్లు ఎత్తులో ఉండేలా నిలబెట్టడం నాకు నచ్చే పద్ధతి. అడుగున గాలి ఆడుతుంది, తడి ఆరిపోతుంది. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది, చాలామంది మర్చిపోతారు. పాతిన గుంజ పందిరి పక్కకు ఒరగకుండా ఆపుతుంది, పాదం మీద నిలబడ్డ గుంజ ఆపలేదు. కాబట్టి గుంజకూ దూలానికీ మధ్య ఏటవాలు కర్రలు తప్పనిసరిగా బిగించాలి.

తప్పక పాతాల్సి వస్తే గుంత అడుగున కంకర వేసి, గుంజ అడుగు కంకర మీద ఆననివ్వండి. కాంక్రీటు గుంజ చుట్టూ మాత్రమే ఉండాలి. అడుగున కూడా కాంక్రీటు పోస్తే నీళ్ళు పోయే దారి లేక గిన్నెలో నిలబెట్టినట్టవుతుంది. పైన కాంక్రీటు నేలకన్నా ఎత్తుగా, గుంజ నుంచి బయటికి వాలుగా ఉండాలి.

కొత్త గుంజ కొనేటప్పుడు దాని చివరన కొట్టిన బిళ్ళ చదవండి. తోటలో వాడే కలప అంతా ఒకటి కాదు. నేలకు పైన వాడేదానికి మందు మోతాదు తక్కువ, నేలలోకి వెళ్ళేదానికి ఎక్కువ. అమెరికా ప్రమాణాల్లో సీసీఏకి నేల పైన ఘనపు మీటరుకు 4 కిలోలు, నేలలోకి 6.4 కిలోలు. యూరప్ లెక్కలో నేల పైన బయట వాడేది యూజ్ క్లాస్ 3, నేలను తాకేది యూజ్ క్లాస్ 4. మీరు కొన్నది పైన వాడే రకం అయి ఉంటే, దాన్ని పాతడమే తప్పయింది. అమ్మినవాళ్ళు నేలలో పెట్టొచ్చని చెప్పారా, మీరు అడగలేదా అన్నది మీకే తెలియాలి.

మోసం అనుమానం తేల్చుకోవడం కష్టం కాదు. మిగిలిన ముక్క ఉంటే, చివర నుంచి కనీసం ఒక అడుగు వదిలి మధ్యలో కోయండి. చివరన మందు ఎలాగూ లోతుగా దిగుతుంది, అక్కడ చూస్తే పొరబడతారు. కోసిన ముఖం మీద చుట్టూ లేత పచ్చటి పట్టీ, మధ్యలో మామూలు చెక్కరంగు కనిపిస్తే అది నిజమైన ట్రీట్‌మెంటే. మధ్య పచ్చగా లేదని కంగారు పడకండి. గోటి మందం కూడా లేకుండా గీతలాగా రంగు ఉంటే మాత్రం అది మందులో ముంచి తీసిన చెక్క, లేదా ఉత్త రంగు వేసిన చెక్క. అనుమానం తీరకపోతే క్రోమ్ అజురోల్ ఎస్ అనే రసాయనం ఉంది, రాగి ఉన్నచోట ముదురు నీలంగా మారుతుంది. కలప పరీక్షించే ల్యాబుల్లో ఇది మామూలే.

రంగు వెలిసిపోవడం గురించి. ఆ పచ్చదనం రాగిది. ఎండ తగిలేకొద్దీ పై పొరలో చెక్కను అంటిపెట్టుకునే లిగ్నిన్ విరిగిపోయి, వాన దాన్ని కడిగేసి, చెక్క బూడిదరంగుకు తిరుగుతుంది. పోయింది వెంట్రుకవాసి పొరలో రంగు మాత్రమే. మందు కణాల గోడల్లో పట్టుకుని ఉంటుంది. అమెరికా ఫారెస్ట్ ప్రొడక్ట్స్ లాబొరేటరీ వాళ్ళు మిసిసిపీలో చెదలూ తేమా దండిగా ఉన్న నేలలో ట్రీట్ చేసిన చిన్న చిన్న చెక్క గూటాలు పాతి దశాబ్దాలుగా గమనిస్తూ వచ్చారు. సరైన మోతాదు పట్టిన ముక్కలు రంగు ఎప్పుడో పోయినా నిలిచే ఉన్నాయి.

బీటల విషయానికొస్తే, మందు నీళ్ళను ఆపదు. కుళ్ళునూ చెదలనూ ఆపుతుంది, అంతే. ట్రీట్ చేసిన కలప తడిగా, బరువుగా వస్తుంది, తర్వాత ఎండి ముడుచుకుంటుంది. వలయాల వెంబడి ముడుచుకునేది, మధ్య నుంచి బయటికి ముడుచుకునేదానికి ఇంచుమించు రెట్టింపు. ఆ తేడాకి ఎక్కడో ఒకచోట చెక్క విచ్చుకోక తప్పదు. పక్కలకూ కిందికీ ఉన్న బీటలు వదిలేయండి, మామూలుగా బలం తగ్గదు. ఆకాశం వైపు తెరుచుకున్న బీటలే చూసుకోవాలి. వాటిలో నీళ్ళు నిలిచి మందు లేని లోపలి చెక్కను తడుపుతాయి. బాగా ఆరిన రోజు చూసి వాటిలో కోత మందు ధారగా పోయండి, అది ఇంకి ఆరాక నూనె పట్టించండి. సిలికాన్ గానీ పుట్టీ గానీ కుక్కొద్దు. అవి ఏదో ఒక అంచున విడిపోతాయి, లోపలికెళ్ళిన నీళ్ళకు బయటికొచ్చే దారి ఉండదు. గుంజల తలల మీద టోపీలు పెట్టించండి, లేదా ఏటవాలుగా కోసి మందు పట్టించండి. అల్యూమినియం టోపీలు మాత్రం వద్దు.

ఎందుకు వద్దో మీ స్క్రూలే చెబుతున్నాయి. చెక్కలో రాగి ఉంది. తడి ఉన్నప్పుడు రాగి, దానికన్నా బలహీనమైన లోహాన్ని తినేస్తుంది. అల్యూమినియం త్వరగా పోతుంది. మామూలు మెరిసే స్క్రూల మీద జింకు పూత చాలా పలచన, అది పోగానే ఇనుము మొదలవుతుంది. ఆ నల్ల చారలు ఇనుము చెక్కలోని టానిన్‌తో కలిసినందువల్ల. స్క్రూ తల బాగానే కనిపిస్తూ లోపల కాడ సన్నబడి ఉంటుంది, అదే ప్రమాదం. ఒకటి విప్పి చూడండి. కరిగించిన జింకులో ముంచిన హాట్ డిప్ గాల్వనైజ్డ్‌వి గానీ, స్టెయిన్‌లెస్ స్టీల్ 304 గానీ వాడండి. సముద్రపు గాలి తగిలేచోట 316. అన్నీ ఒకేసారి విప్పకుండా ఒక్కొక్కటే తీసి ఒక్కొక్కటే వేయండి. స్క్రూ బిగించే లోహపు పలక గాల్వనైజ్డ్ అయితే స్క్రూ కూడా గాల్వనైజ్డే ఉండాలి, పలక స్టెయిన్‌లెస్ అయితే స్క్రూ కూడా అదే. చారలు పోవాలంటే ఆక్సాలిక్ ఆమ్లం పలచగా కలిపి రుద్ది, బాగా కడిగేయండి. చేతికి గ్లవ్స్, కళ్ళకు అద్దాలు పెట్టుకోండి.

పెయింట్ వేస్తే కుళ్ళు ఆగదు. లోపల మొదలైన కుళ్ళు మీద పెయింట్ వేయడమంటే తడిని మూతపెట్టి దాచడమే. మంచి గుంజలకైనా నేను పెయింట్ వేయను. పొరలా కూర్చునే ఏ పూతైనా చెక్క ఉబ్బి తగ్గినప్పుడల్లా చిట్లుతుంది, చిట్లినచోట నీళ్ళు దూరి, పెచ్చులు లేస్తాయి. తర్వాత గీకడమే పెద్ద పని. చెక్కలోకి ఇంకే, నీళ్ళను తరిమే నూనె స్టెయిన్ మేలు. కొంచెం రంగు ఉన్నదే తీసుకోండి, ఎండను ఆపేది ఆ రంగే. పూసేముందు నాలుగు నీటిచుక్కలు చల్లి చూడండి. కొన్ని నిమిషాల్లో ఇంకిపోతే చెక్క సిద్ధం. ముత్యాల్లా నిలబడితే ఇంకా తడిగా ఉంది, ఆగండి. బెంచీ లాంటి పడుకున్న చెక్కలకు రెండేళ్ళకోసారి, నిలువు చెక్కలకు మూడేళ్ళకోసారి దాకా పడుతుంది. శుభ్రం చేయడానికి ఆక్సిజన్ బ్లీచ్, మెత్తటి బ్రష్ చాలు. ప్రెషర్ వాషర్ దగ్గరగా పెట్టి కొడితే నారలు లేచిపోతాయి.

ఇక మడి. ఇది తేలిగ్గా తీసుకోకండి, మీ చెక్కలో ఉన్న మందు పేరు ఏమిటో కనుక్కోండి. సీసీఏలో ఆర్సెనిక్ ఉంది, అది విషం. అమెరికాలో 2003 డిసెంబరు 31 తర్వాత ఇళ్ళకు వాడే కలపను దానితో ట్రీట్ చేయడం మానేశారు, కానీ అన్ని దేశాల్లో అలా లేదు. ఏసీక్యూ, కాపర్ అజోల్ లాంటి కొత్త రాగి మందుల్లో ఆర్సెనిక్ లేదు. మీది ఈ రకమైతే కూర తినొచ్చు. మట్టిలోకి కొంచెం రాగి దిగుతుంది గానీ, మనకు హాని చేసేంత రాగి పీల్చేలోపు మొక్కే పాడవుతుంది. అయినా మడి లోపలి పక్కలకు మందపాటి పాలిథిన్ పరిచి, అడుగు తెరిచి ఉంచండి. సీసీఏ అని తేలితే ఆ మడిలో తినేవి పెంచొద్దు, చెక్కా పక్కనున్న మట్టీ మార్చేయండి. బెంచీ కూడా అదే కలపతో చేసి ఉంటే ఏటా స్టెయిన్ పూస్తూ, పిల్లలు తినేముందు చేతులు కడుక్కునేలా చూడండి.

పాత గుంజ ముక్కల్ని ఎట్టి పరిస్థితిలోనూ కాల్చకండి. పొయ్యిలో అసలే వద్దు. సీసీఏ కాలితే ఆర్సెనిక్ పొగలోకీ బూడిదలోకీ వస్తుంది. పొట్టు ఎరువుగుంతలో వేయొద్దు. కోసేటప్పుడు కింద పట్టా పరిచి, మాస్క్ వేసుకుని, ఆ పొట్టంతా ఎత్తి, చెత్త తీసుకెళ్ళేవాళ్ళకు విషయం చెప్పి అప్పగించండి.

చెదల గురించి అడగలేదు గానీ ఒక్క మాట. మందు పట్టిన చెక్కను అవి తినకపోయినా, దాని మీదుగా మట్టి గొట్టాలు కట్టుకుంటూ పైనున్న మామూలు చెక్కకు చేరుకుంటాయి. మొదళ్ళ దగ్గర మట్టి, ఎండుటాకులు పేరుకోనివ్వకుండా ఉంటే ఆ గొట్టాలు కంటికి కనిపిస్తాయి.

ముందుగా ఆ గుంజకు ఊతం పెట్టండి. బయటికి తీశాక దాని అడుగు భాగాన్ని నిలువునా మధ్యకు కోసి, ఆ ఫొటో ఇక్కడ పెట్టండి. పచ్చరంగు ఎంత లోతుకు దిగింది, కుళ్ళు ఎటు నుంచి మొదలైంది చూస్తే, మిగతా మూడు గుంజలు మార్చాలో ఉంచుకోవచ్చో చెప్పగలను.